ఒకే స్లైడ్లు అందరికీ సరిపోవండీ

అధ్యయన ఫలితాలను అధికారులకూ, డాక్టర్లకూ, సర్వేలో పాల్గొన్న జనానికీ ఒకే స్లైడ్లతో చెప్పానని, ఎవరూ స్పందించలేదని రాశారు. ముందు మీ స్లైడ్లలో ఉన్న "ముప్పు రెట్టింపు" అన్న లైను మార్చండి. దేనికి రెట్టింపో అందులో లేదు.

1995లో బ్రిటన్‌లో కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరించారు. అసలు లెక్క చూస్తే, సుమారు 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని. ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పకపోవడంతో చాలామంది భయపడి మాత్రలు మానేశారు, మరుసటి ఏడాది అబార్షన్లు పెరిగాయి. ఎంత బాధాకరం! అందుకే "వెయ్యి మందిలో ఇంతమందికి వచ్చేది, ఇప్పుడు ఇంతమందికి వస్తోంది" అని రాయండి. ఇది ముగ్గురికీ పనికొస్తుంది.

అధికారికి ఒక్క పేజీ చాలు. ఏం నిర్ణయించాలో, ఖర్చెంతో మొదటి పేరాలోనే ఉండాలి. డాక్టర్లకు పద్ధతి, పరిమితులు దాచకుండా ఇవ్వండి. జనం దగ్గర మాత్రం ప్రొజెక్టర్ పక్కన పెట్టి, "మీకేం తెలుసుకోవాలనుంది?" అని అడగండి. వాళ్ల ప్రశ్నలు రాసుకుని, జవాబులతో మళ్లీ వెళ్లండి. వివరాలు తీసుకుని మళ్లీ కనబడని వాళ్లను ఎవరు నమ్ముతారు?

ఆ ఒక్క పేజీ రాశాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.