నిధి వేట కథ రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మొదటి సినిమాకే నిధి వేట కథ రాస్తున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఒకవైపు గర్వంగానూ, మరొకవైపు గుబులుగానూ ఉంది. బడ్జెట్ సంగతి నిర్మాతతో ముందే తేల్చుకో, లొకేషన్లు స్వయంగా చూసి రా. ఇవి నీకు తెలిసినవే. నా భయమంతా నువ్వు ఏ సినిమాలు చూసి కథాచర్చలకు కూర్చుంటావన్న దాని గురించే.

1981 నాటి ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ దగ్గరే ఆగిపోకు. అందులో ఇండియానా జోన్స్ టోపీకీ తోలు కోటుకీ 1954లో వచ్చిన ‘సీక్రెట్ ఆఫ్ ది ఇన్కాస్’లోని చార్ల్‌టన్ హెస్టన్ వేషం మూలం. వెలుగు నిధి జాడ చూపే ఘట్టం కూడా ఆ పాత సినిమాలో ఉంది. 1969 నాటి ‘మెకన్నాస్ గోల్డ్’లో ఒక శిఖరం నీడ సాగుతూ పోయి లోయలోకి దారి చూపుతుంది. ఆ వెలుగు వెంట, నీడ వెంట పరుగెత్తే మనుషులు వేరు గనుక ఏ సినిమాకు ఆ సినిమా కొత్తగా నిలిచింది.

ఈ మాట మరచిపోతే ఏమవుతుందో చెబుతాను, కాస్త ఓపికగా చదువు. 1885లో ఆంగ్ల రచయిత హాగర్డ్ రాసిన ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ నవల ఈ కథలన్నిటికీ తాత వంటిది. అందులో క్వాటర్‌మెయిన్ వయసు మళ్ళిన వేటగాడు, తాను పిరికివాడినని తానే చెప్పుకుంటాడు. తిరిగి రాలేనేమోనని భయపడుతూనే, వైద్యం చదువుతున్న కొడుకు ఖర్చులకు ఏర్పాటు చేయించుకున్న తరువాతే బయలుదేరుతాడు. 1985లో ఆ నవలను మళ్ళీ తెరకెక్కించినప్పుడు, ఇండియానా జోన్స్ విజయం చూసి, ఆ తాతకు మనవడి చొక్కా తొడిగారు. ఛేజులు వచ్చాయి, హాస్యం వచ్చింది, ఆ తండ్రి భయం మాత్రం పోయింది. నన్ను ఇప్పటికీ బాధించేదేమంటే, దాని దర్శకుడు జె. లీ థామ్సనే ‘మెకన్నాస్ గోల్డ్’ తీసినవాడు. అక్కడ నాయకుడు గ్రెగరీ పెక్ నిధికి దారి చూపే పటాన్ని తగలబెట్టేస్తాడు, దారి అతని జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా ఉండదు, అందుకే ప్రతినాయకుడు ఒమర్ షరీఫ్ అతన్ని చంపలేక వెంట తిప్పుకుంటాడు. పగవాళ్ళిద్దరినీ అంత గట్టిగా ముడివేసిన చేతులే పదహారేళ్ళకు ముడి లేని కథ తీశాయి! అంతటివాడికే తప్పని పొరపాటు నీకు జరగదన్న ధీమా వద్దమ్మా.

1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ రాసిన ఆరుద్ర గారు కౌబాయ్ కథను తెలుగు మాటలోకి ఎలా దించారో కూడా గమనించు.

ఉచ్చులూ సొరంగాలూ గ్రాఫిక్స్ వాళ్ళు చూసుకుంటారు. నీ నాయకుడు దేనికి భయపడతాడో, బంగారం చివరికి ఎవరికి దక్కుతుందో సీన్ ఆర్డర్ వేయకముందే నిర్ణయించుకో. 1948లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది ట్రెజర్ ఆఫ్ ది సియెరా మాడ్రే’లో బంగారు పొడి గాలికి కొట్టుకుపోతే ముసలి గనివాడు పగలబడి నవ్వుతాడు; ఆ నవ్వుకు కావలసిన మనిషిని దర్శకుడు మొదటి నుంచీ తయారు చేసుకుంటూ వచ్చాడు. ఆ వేషం వేసినది అతని తండ్రి వాల్టర్ హ్యూస్టన్. ఆ సినిమాకు తండ్రీకొడుకులిద్దరికీ ఆస్కార్లు వచ్చాయి.

రాత్రుళ్ళు మేలుకొని రాయకు, నీ కళ్ళు అసలే అంతంతమాత్రం. మొదటి ప్రతి పూర్తికాగానే, నిర్మాత చేతికి ఇవ్వకముందే నాకు పంపు. కోప్పడతానేమోనని దాచవద్దు, కోప్పడతాను, కానీ ప్రతి పేజీ చదువుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న