చివరి సిపాయిల లెక్క తేల్చడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా వీధిలో ఒక తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారని ఇంటివాళ్ళు చెబుతారు. ఆధార్‌లో 104 ఏళ్ళు. ఇంట్లో మిగిలినవి రెండు పతకాలు, మడతల దగ్గర చిరిగిన డిశ్చార్జి కాగితం. ఎక్కడ మొదలుపెట్టాలి? (పర్లాకిమిడి)

జవాబు: ముందు వయసునీ కొలువునీ విడదీయండి. 104 తప్పని తేలినా కొలువు నిజమే కావచ్చు. యుద్ధం 1945 సెప్టెంబరు 2న ముగిసింది. 1927లో పుట్టినవాడు కూడా చివరి రోజుల్లో సిపాయిగా ఉండగలడు.

ఆధార్‌లో పుట్టినతేదీ జనవరి 1 అని ఉంటే అది చాలావరకు నోటితో చెప్పిన వయసు నుంచి వెనక్కి లెక్కగట్టిందే. ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం ఒకే మాట చెప్పినా మూడు సాక్ష్యాలు అనుకోకండి. ఒకదాన్ని చూసి మరొకటి రాస్తారు. డిశ్చార్జి కాగితంలో భర్తీ నాటి వయసు వీటికంటే పాతది, కాబట్టి విలువైనది. అదీ అంచనాయే, పదహారేళ్ళవాడు పద్దెనిమిది అని చెప్పి చేరిన రోజులవి. తోబుట్టువుల వరస, పెద్ద సంతానం పుట్టిన ఏడు, బడి రిజిస్టరు ఉంటే అదీ పక్కన పెట్టి చూడండి.

కాగితంలో జిల్లా పేరు చూడండి. ఒడిశా 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది, గజపతి జిల్లా 1992లో వచ్చింది. 1940ల కాగితంలో మీ ఊరికి ఉండాల్సింది ‘గంజాం’. రాయగడ, కోరాపుట్ వైపువాళ్ళు 1936కి ముందు పుట్టింది విశాఖపట్నం జిల్లాలో. యుద్ధకాలపు కాగితమంటూ తెచ్చినదాంట్లో ‘గజపతి జిల్లా’ అని ఉంటే అది తరవాత తయారైనదే. హోదా కూడా అంతే: 1940ల్లో జమేదార్ ఉండేవాడు, నాయబ్ సుబేదార్ అన్న పేరు 1960ల్లో వచ్చింది.

పతకాలను చింతపండుతో తోమనివ్వకండి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. ముందు, వెనక, అంచు చుట్టూ నాలుగు వైపులా ఫోటోలు తీయండి. టార్చిని పక్కనుంచి వాలుగా కొడితే మసకబారిన అక్షరాలు తేలతాయి. వార్ మెడల్ వెనక రెండు తలల డ్రాగన్ మీద సింహం నిలబడి ఉంటుంది. దానికి 28 రోజుల కొలువు చాలు, యుద్ధరంగం చూశాడని దాన్నిబట్టి చెప్పలేం. ఇండియా సర్వీస్ మెడల్ వెనక మన దేశపటం ఉంటుంది. అది మూడేళ్ళు దేశంలోనే పనిచేసినవారికి. బర్మా స్టార్ ఆరు కోణాల నక్షత్రం, 1941 డిసెంబరు 11 నుంచి యుద్ధం ముగిసేదాకా ఆ రంగంలో ఉన్నవారికి. అంచు మీద నంబరూ పేరూ ఉంటే మీ పని సగం అయినట్టే. లేకపోతే నకిలీ అనకండి, పేరు లేని అసలు పతకాలూ ఉన్నాయి. నకళ్ళు బజారులో దొరుకుతాయి కాబట్టి ఒక్క పతకంతో ఏదీ తేలదు.

కాగితాన్ని లామినేషన్ చేయించవద్దు, సెల్లోటేపు వద్దు. నీడలో, ఫ్లాష్ లేకుండా, నిలువుగా పైనుంచి రెండు వైపులా ఫోటో తీయండి.

ఆయనతో మాటలు పొద్దున, అరగంటకు మించకుండా. మొదట సైన్యంలో ఇచ్చిన నంబరు అడగండి. మిగతావన్నీ మరిచినవారికీ అది గుర్తుండటం కద్దు. ‘ఇంఫాల్‌లో ఉన్నారా తాతా?’ అంటే తల ఊపేస్తారు. ‘శిక్షణ ఎక్కడ, తుపాకీ ఏది, ఏ రైలెక్కారు’ అనాలి. పక్కన కూర్చున్న కొడుకులు అందించే జవాబులు వేరే రంగు సిరాతో రాసుకోండి. ఎస్సెల్లార్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) తుపాకీ గురించి చెబుతుంటే అది 1960ల కొలువు. ఆ యుద్ధంలో ఉన్నది పాయింట్ త్రీనాట్‌త్రీ.

ప్రశ్న: తాతగారి కొలువు గురించి సైన్యం రికార్డు ఆఫీసుకు రాస్తే ‘కాగితాలు ధ్వంసం చేశాం’ అని జవాబిచ్చారు. ఇక దారి లేదా? (జయపురం)

జవాబు: ఉంది. పింఛను రానివారి కొలువు కాగితాలను డిశ్చార్జి అయిన 25 ఏళ్ళకు తీసేయడం సైన్యం నిబంధనే. యుద్ధం కాగానే ఇంటికి పంపినవారికి పింఛనుకు కావాల్సిన పదిహేనేళ్ళు నిండలేదు, అందుకే పింఛను జాబితాల్లోనూ కనపడరు. ‘ధ్వంసం’ అంటే కొలువు చేయలేదని కాదు. మళ్ళీ రాసి ‘లాంగ్ రోల్’లో నమోదు ఉందా అని పేరుపెట్టి అడగండి. అది సిపాయిల పేర్లు రాసి ఉంచే వేరే పుస్తకం, ఎక్కువ కాలం ఉంచుతారు. సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో పంపితే 30 రోజుల్లో జవాబు రావాలి. పరాయి వ్యక్తి వివరాలని తిరస్కరించకుండా ఆయన సంతకమో వేలిముద్రో ఉన్న అంగీకారపత్రం జత చేయండి.

సరైన ఆఫీసుకు రాయడం ముఖ్యం. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లకూ (ఇంజినీరు దళం) పయనీర్లకూ బెంగళూరు, మరాఠాలకు బెళగావి, మహార్ రెజిమెంటుకు సాగర్, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్. మద్రాస్ రెజిమెంటు పటాలాలను 1920ల్లో రద్దుచేసి యుద్ధకాలంలో మళ్ళీ లేపారు. 1940లో అందులో భర్తీ అయ్యానంటే సంవత్సరమో పటాలం పేరో తప్పు కావచ్చు, మళ్ళీ అడగండి.

పేరు మూడు నాలుగు రకాలుగా రాయండి. సైన్యం తరచు ఇంటిపేరు వదిలేసి పేరూ తండ్రిపేరూ రాసుకుంది. ఒడియాలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు, ఓటరు కార్డు చూసి ఇంగ్లీషులోకి దించితే పేరు మారిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారి కాగితం ఉర్దూలో ఉంది, సంవత్సరం 1351 అని ఉంది. ‘హైదరాబాద్’ పటాలం అట. (ధర్మాబాద్)

జవాబు: అది నిజాం ప్రభుత్వపు ఫసలీ. ఏడాది అక్టోబరు మొదట్లో అజూర్ నెలతో మొదలవుతుంది. డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపండి. మీది 1941 అక్టోబరు, 1942 అక్టోబరు మధ్య. నెల పేరు చదివించండి.

ఇక ‘హైదరాబాద్’ అన్నవి రెండున్నాయి. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిషు ఇండియా సైన్యంలోది, 1945లో కుమావూఁ రెజిమెంట్ అయింది, దాని కేంద్రం రాణీఖేత్. నిజాం సొంత సంస్థాన సేన వేరు. 1941 డిసెంబరులో మలయాలోని కోటాబారు విమానాశ్రయం కాపలాకున్నది ఆ సేనలోని 1వ హైదరాబాద్ దళం. నాందేడ్ వైపు తెలుగువారికి రెండోదే ఎక్కువ సాధ్యం. కాగితంలో 19 అంకె లేకుండా రాణీఖేత్‌కు రాయడం తపాలా ఖర్చే.

ప్రశ్న: తాతగారు రంగం (రంగూన్) నుంచి 1942లో నడిచి వచ్చారు. సిపాయి అని ఊరంతా అంటుంది. (బరంపురం)

జవాబు: గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి మేస్త్రీల వెంట రంగూన్ కూలికి వెళ్ళినవారు వేలల్లో ఉన్నారు. 1942 మార్చిలో ఆ నగరం జపాను వశమైనప్పుడు వాళ్ళూ నడిచే వచ్చారు, వెనక్కి తగ్గిన పటాలాలూ నడిచే వచ్చాయి. నడక సాక్ష్యం కాదు. ఎప్పుడు వెళ్ళారు, కూలి ఎవరిచ్చారు, భార్యాపిల్లలు వెంట ఉన్నారా అని అడగండి. వచ్చాక సైన్యంలో చేరారేమో కూడా చూడాలి, కాబట్టి వెంటనే కొట్టేయకండి. ఆజాద్ హింద్ ఫౌజ్ మాట వస్తే అది మరో దారి: స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కాగితాలు వెతకాలి.

ఇదే పాఠకుడు బర్మాలో చనిపోయిన పెదతాత గురించీ అడిగారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో వెతకండి. ఆచూకీ దొరకనివారి పేర్లు రంగూన్ దగ్గర తౌక్యన్ స్మారకం మీద చెక్కారు. బతికి వచ్చినవారు ఆ జాబితాలో ఉండరు.

ప్రశ్న: పంద్రాగస్టు ఫ్లెక్సీలో ‘జిల్లాలో చివరి యోధుడు’ అని వేయొచ్చా? (సిరొంచ)

జవాబు: వద్దు. పింఛను లేనివారు ఏ గూడెంలో ఉన్నారో పూర్తిగా చెప్పగల జాబితా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవారిలో చివరివాడు క్లాడ్ చౌల్స్ 2011లో పోయారు. అంతటితో అయిపోలేదు, బ్రిటన్ వైమానిక దళపు భోజనశాలలో వడ్డించిన ఫ్లోరెన్స్ గ్రీన్ 2012 దాకా ఉన్నారు. ఆమె కొలువు సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 2010 ప్రాంతంలోనే. ఫ్లెక్సీ మీద పేరు, పటాలం, కొలువు సంవత్సరాలు వేయండి. మీ గడ్చిరోలి 1982లో చంద్రపూర్ (పాతపేరు చాందా) నుంచి విడిపోయిన జిల్లా కాబట్టి ఆయన కాగితంలో ‘చాందా, సీపీ (సెంట్రల్ ప్రావిన్సెస్)’ అని ఉంటే కంగారుపడకండి. అదే కాగితంతో జిల్లా సైనిక్ కల్యాణ్ కార్యాలయంలో పింఛను లేని యుద్ధకాలపు సిపాయిల సాయం గురించి అడగండి. ఆయన లేకపోతే భార్య పేరు మీద అడగవచ్చు.