ట్రిగ్గర్ పాయింట్ థెరపీతో కండరాల నొప్పి నిజంగా తగ్గుతుందా, ఉత్త మసాజేనా?

నాకైతే తగ్గింది. ఆరు నెలలు కుడి జబ్బ ముందువైపు ఒకటే నొప్పి. ప్యాంటు వెనక జేబులోంచి పర్సు తీయాలంటే ప్రాణం పోయేది. రాయని బామ్ లేదు, అన్నీ ముందువైపే రాశాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఎమ్మారైలో ఏమీ లేదు. "టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు డాక్టరు. ఎమ్మారై బిల్లు కట్టినవాడితో అనాల్సిన మాటేనా అది?

చివరికి కూకట్‌పల్లిలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ నొప్పి ఉన్నచోట చెయ్యే పెట్టలేదు. బోర్లా పడుకోబెట్టి, వీపు మీద రెక్క ఎముకను బొటనవేలితో తడుముతూ ఒకచోట ఆగింది. చింతగింజంత గట్టిగా ఏదో తగిలింది. కండలో పడే ఇలాంటి ముడినే ట్రిగ్గర్ పాయింట్ అంటారట. నొక్కిందో లేదో, నొప్పి వీపు వదిలేసి జబ్బ ముందుకొచ్చి, చేతి మీదుగా కిందికి పాకింది. "అదే, అదే!" అని అరిచాను. "మెల్లగా అండీ, బయట పేషెంట్లున్నారు" అంది. నిమిషం పాటు వేలు తియ్యలేదు. ఆ గట్టితనం కాస్త కాస్తగా మెత్తబడింది. ఆ కండ పేరు ఇన్‌ఫ్రాస్పైనాటస్ అట. తప్పు అది చేసి, శిక్ష ముందువైపు వేయిస్తుంది.

తర్వాత ఇంట్లో నా వైద్యం మొదలు. మావాడి టెన్నిస్ బంతిని సాక్సులో వేసి, భుజం మీంచి వెనక్కి వేలాడదీసి, గోడకి ఆనుకుని రోజూ రెండు పూటలా నిమిషం చొప్పున నొక్కుకున్నాను. మూడు వారాలకి పర్సు చేతికొచ్చింది. అందులో డబ్బులుండవనేది వేరే సంగతి.

ఈ ముడులు అసలున్నాయా అని డాక్టర్లలోనే వాదన ఉంది. వాదించుకోనీండి, నాకు వేలికి తగిలింది. ఈ పద్ధతికి పేరు తెచ్చిన జానెట్ ట్రావెల్, నడుం నొప్పితో బాధపడిన అమెరికా అధ్యక్షుడు కెనెడీకి సొంత డాక్టరు. చేయి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా మాత్రం బంతి పక్కనపెట్టి డాక్టరు దగ్గరికే వెళ్లండి. మాల్స్‌లో "ఎంత నొప్పెడితే అంత మంచిది సార్" అని ఒళ్లంతా పిసికేవాళ్ల దగ్గరికి మాత్రం వద్దు.

మా ఊళ్లో ఎవరికి నడుం పట్టేసినా పొద్దున్నే మా బాబాయి దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన ఎదురుకాళ్లతో పుట్టాడు కాబట్టి కాలితో ఒక్క తాపు తంతే పోతుందని నమ్మకం. ఎక్కడ తన్నాలో ముందు మడమతో నొక్కి వెతికేవాడు, అది నాకు బాగా గుర్తు. ఫీజు ఒక చుట్ట.