పాప బాగానే ఉంది, మళ్లీ మడమ రక్తం ఎందుకు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మాది మేనరికం. మొదటి కాన్పులో పుట్టిన బాబు మూడు రోజులు బాగానే ఉండి, నాలుగో రోజు పాలు తాగడం మానేశాడు. మగతగా పడి ఉండి, వారం తిరగకముందే చనిపోయాడు. కారణం ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడు పాప పుట్టింది. మూడో రోజు నల్లగొండ ఆసుపత్రిలో మడమ దగ్గర గుచ్చి, నాలుగైదు రక్తపు చుక్కలు ఒక దళసరి కాగితం మీద పట్టి హైదరాబాద్‌కు పంపించారు. ‘సి3 ఎక్కువగా ఉంది, మళ్లీ శాంపిల్ పంపాలి’ అని రిపోర్టు వచ్చింది. పాప చక్కగా పాలు తాగుతోంది. ఎండలకు దారిలో రక్తం పాడై ఉంటుందని, పసిబిడ్డను మళ్లీ గుచ్చవద్దని మా అత్తమ్మ అంటున్నారు. ఎండిపోయిన చుక్కతో జబ్బు ఎట్లా తెలుస్తుంది? నేను పాలివ్వడం ఆపాలా?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా అత్యవసరమైన మాట. డాక్టరు చెప్పకుండా మీ అంతట మీరు పాలు ఆపవద్దు. రెండో శాంపిల్ మాత్రం రేపే ఇవ్వండి. ఈలోగా పాప పాలు సరిగా తాగకపోయినా, వాంతులు చేసుకున్నా, ఎగశ్వాస తీసినా, లేపితే లేవనంత మగతగా ఉన్నా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా నవజాత శిశువుల వార్డు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, మొదటి బాబు సంగతీ ఈ సి3 సంగతీ వెంటనే చెప్పండి.

మీ పాప రక్తాన్ని పరీక్షించిన యంత్రం పేరు టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్. రక్తపు చుక్కను కాగితం మీద ఆరబెట్టి పంపే పద్ధతిని 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ అనే వైద్యుడు వ్యాప్తిలోకి తెచ్చారు. అప్పట్లో ఒక పరీక్షతో ఒక జబ్బునే పట్టగలిగేవారు. 1990ల నుంచి ఈ యంత్రం వాడుకలోకి రావడంతో, ఒకే చుక్క నుంచి రెండు మూడు నిమిషాల్లో పదుల సంఖ్యలో జబ్బుల ఆనవాళ్లు వెతకడం సాధ్యమైంది.

ల్యాబ్‌లో ఆ ఎండిన చుక్క నుంచి దాదాపు 3 మిల్లీమీటర్ల బిళ్లను కత్తిరించి, మిథనాల్ కలిసిన ద్రవంలో నానబెడతారు. మీ రిపోర్టులోని సి3 అంటే ప్రొపియోనైల్ కార్నిటిన్, అంటే ప్రొటీన్ వినియోగంలో వచ్చే ప్రొపియోనైల్ అనే ముక్క శరీరంలోని కార్నిటిన్ అనే సహజ పదార్థానికి అంటుకున్న రూపం. రక్తంలో దాంతోపాటు వేల రకాల అణువులు ఉంటాయి కనుక, దాన్ని ఒక్కదాన్నే ఏరడం ఈ యంత్రం చేసే పని. నానిన ద్రవాన్ని సన్నని సూది గుండా అధిక వోల్టేజీ కింద తుంపరగా చిమ్మితే అణువులు విద్యుదావేశం పొందుతాయి. మొదటి జల్లెడ 218 ద్రవ్యరాశి ఉన్నవాటినే లోపలికి వదులుతుంది. అవి ఆర్గాన్ వంటి వాయువును ఢీకొని ముక్కలవుతాయి. ఆ ముక్కల్లో 85 ద్రవ్యరాశి ఉన్నవాటినే రెండో జల్లెడ లెక్కకు పంపుతుంది. 218 బరువుతో వచ్చి, విరిగినప్పుడు 85 ముక్కను ఇచ్చేది సి3 అని గుర్తుపడతారు. అది ఎంత ఉందో తెలియడానికి, మూడు హైడ్రోజన్ పరమాణువుల స్థానంలో వాటి బరువైన రూపాన్ని పెట్టి తయారుచేసిన సి3ని తెలిసిన మోతాదులో ముందే ఆ ద్రవంలో కలుపుతారు. అది 221 దగ్గర కనిపిస్తుంది. 218 సంకేతాన్ని 221 సంకేతంతో పోల్చి పాప రక్తంలోని పరిమాణాన్ని లెక్కకడతారు. ఎండిన చుక్క అయినా కొలత నమ్మదగినదిగా ఉండడానికి ఈ పోలికే ఆధారం.

ఎండ గురించి మీ అత్తమ్మగారికి వచ్చిన సందేహం అర్థం లేనిదేమీ కాదు. కార్డును నీడలో, గది గాలికి మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. ఎండలో పెట్టినా, తడి ఆరకముందే కవరులో వేసినా శాంపిల్ చెడిపోతుంది. అయితే వేడికీ తేమకూ సి3 వంటివి విడిపోయి సాధారణంగా తగ్గుతాయే తప్ప పెరగవు. కాబట్టి మీ రిపోర్టులో కనిపించిన పెరుగుదలను ఎండ మీదికి నెట్టలేం. ఒకే వలయంలో చుక్క మీద చుక్క వేస్తే మాత్రం విలువలు ఎక్కువగా రావచ్చు. మళ్లీ శాంపిల్ అడగడానికి అదీ ఒక కారణం.

ఇక సి3 ఎందుకు పెరుగుతుంది? ప్రొపియోనిక్ ఎసిడీమియా, మిథైల్‌మలోనిక్ ఎసిడీమియా అనే అరుదైన పుట్టుక జబ్బుల్లో పెరుగుతుంది. ఈ బిడ్డల శరీరం ప్రొటీన్‌లోని కొన్ని అమైనో ఆమ్లాలను పూర్తిగా వినియోగించుకోలేదు. కడుపులో ఉన్నంతకాలం తల్లి శరీరం ఆ భారాన్ని మోస్తుంది. పుట్టాక పాలు మొదలైన కొద్ది రోజుల్లో విషపదార్థాలు పేరుకుంటాయి. మీ బాబుకు జరిగినది ఈ తీరుకు దగ్గరగా ఉంది కాబట్టే, పాప బాగున్నా నేను తొందరపెడుతున్నాను. అయితే ఏ జబ్బూ లేని బిడ్డలోనూ, తల్లికి బి12 విటమిన్ బాగా తక్కువైతే సి3 పెరుగుతుంది. గర్భిణులకు ఇచ్చే రక్తహీనత మాత్రల్లో ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, బి12 ఉండదు. అది పాలు, గుడ్లు, చేపలు, మాంసం నుంచి రావాలి. మీకూ పాపకూ బి12 పరీక్ష చేయించమని అడగండి. లోపమే కారణమైతే చికిత్స చాలా సులువు.

ఈ మడమ పరీక్ష అనుమానాన్ని మాత్రమే చెబుతుంది, జబ్బును ఖాయం చేయదు. రెండో శాంపిల్‌లోనూ ఎక్కువే వస్తే, మూత్రంలోని సేంద్రియ ఆమ్లాలను గ్యాస్ క్రొమటోగ్రఫీ జతచేసిన మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చూస్తారు; రక్తంలో మిథైల్‌మలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్, అమ్మోనియా కొలుస్తారు; ఆపైన జన్యు పరీక్ష ఉంటుంది. జబ్బు ఖాయమైతే ప్రొటీన్ తగ్గించిన ప్రత్యేక ఆహారం, కార్నిటిన్, కొందరికి బి12 ఇంజెక్షన్లు ఇస్తారు.

మేనరికం విషయంలో మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ఇటువంటి జబ్బు రావాలంటే తల్లిదండ్రులిద్దరూ అదే జన్యులోపాన్ని మోస్తుండాలి. దగ్గరి బంధువుల్లో అందుకు అవకాశం ఎక్కువ. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇది తల్లిది ఎంతో తండ్రిదీ అంతే. హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. మీరిద్దరూ కలిసి వెళ్లండి. లోపం ఏమిటో తెలిస్తే, తర్వాతి గర్భంలో మూడో నెల చివరలోనే పరీక్షించే వీలుంది.

ప్రశ్న: మా మనుమడికి పుట్టగానే థైరాయిడ్ పరీక్ష చేసి బాగుందన్నారు. పైన చెప్పిన టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్ పరీక్ష కూడా అవసరమా?
– ఒక తాత, మహబూబ్‌నగర్

జవాబు: రెండూ వేర్వేరు. థైరాయిడ్ లోపాన్ని పట్టే టీఎస్‌హెచ్ పరీక్ష మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కాదు, యాంటీబాడీల ఆధారంగా చేస్తారు. ఒకటి బాగుందంటే రెండోది కూడా బాగున్నట్టు కాదు. రెండింటికీ ఒకే కార్డు మీది చుక్కలు సరిపోతాయి. బిడ్డకు 24 గంటలు నిండాక, 72 గంటల లోపు, పాలు పట్టిన తర్వాత రక్తం తీయడం మంచిది. బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తే, ఎక్కించక ముందే ఈ శాంపిల్ తీయమని నర్సుకు చెప్పండి.