ముక్కోటికి భద్రాద్రి వెళ్తున్న చెల్లెలికి

చిరంజీవి చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

ముక్కోటి ఏకాదశికి నీవూ అమ్మాయీ అమలాపురం నుంచి కారులో భద్రాచలం వెళ్తున్నారని మీ వదిన చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యాభై ఏళ్లు దాటాక స్టీరింగు పట్టుకుని, ఏడాది తిరగకుండానే మారేడుమిల్లి ఘాటు రోడ్డుకు సిద్ధపడిన నిన్ను తలచుకుంటే ఛాతీ పొంగుతుంది. అయితే తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం అందుకోవాలని ముందు రాత్రి భోజనాలు కాగానే బయలుదేరతామన్నావట. ఆ పని మాత్రం చేయవద్దు. ముందురోజు పొద్దున ఎండ ముదిరి మంచు విడిచాకనే ఇల్లు కదలండి. వెలుగుండగానే ఘాటు దాటి, సాయంత్రానికి భద్రాచలం చేరితే గోదావరిలో తెప్పోత్సవం కూడా కళ్లారా చూడవచ్చు.

టైర్లలో గాలి, స్టెపినీ, వైపర్లు ముందే చూపించు. రాజమహేంద్రవరంలో ట్యాంకు నింపించు. రెండు దుప్పట్లు వేసుకో, అడవిలో చలి మన కోనసీమ చలి కాదు.

మన డెల్టాలో పుష్యమాసపు మంచు ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు, కానీ గుమ్మంలో నిలబడి చూసే మంచు వేరు, స్టీరింగు వెనుక నుంచి చూసే మంచు వేరు. జొన్నాడ వంతెన మీద గౌతమి మీదుగా అది ముద్దలు ముద్దలుగా వస్తుంది. కనపడటం లేదని పెద్ద లైటు వేస్తే, ఆ వెలుగంతా నీటి తుంపరల మీద పడి తిరిగి నీ కళ్లలోకే కొడుతుంది. చిన్న లైటే, అంటే హెడ్‌లైటులో లో బీమే, వేయాలి. సార్వా కోతల తరువాత రోడ్డు అంచున ధాన్యం రాశులు పోసి, బరకాలు కప్పి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఆ రాళ్లకు దీపాలుండవు, గడ్డి ట్రాక్టర్లకూ ఉండవు.

ఇంత నిద్రలేమి ఎందుకో ఇప్పుడైనా చెప్పాలి. పాతికేళ్ల కిందట మా పెద్దవాణ్ణి తీసుకుని కాకినాడ నుంచి కెనాల్ రోడ్డు మీద రాజమహేంద్రవరం వస్తున్నాను. వాడికప్పుడు ఇరవై రెండేళ్లు. తెల్లవారక ముందే బయలుదేరాము, ద్వారపూడి దాటేసరికి బానెట్టు కూడా కనిపించనంత మంచు కమ్మింది. ముందు ఒక లారీ వెళ్తుంటే, దాని వెనుక ఎర్రదీపాన్ని చూస్తూ నడిపాను. వాడు రెండుసార్లు "నాన్నా, ఆపండి, ఎండ వచ్చాక వెళదాం" అన్నాడు. ఈ రోడ్డు మీద నీవు పుట్టక ముందు నుంచి తిరుగుతున్నానని గట్టిగా కసిరాను. ఆ లారీ డ్రైవరు నా కన్నా తెలివైనవాడు; మంచు విడిచేదాకా ఆగుదామని ఎడమకు తిప్పి కాలువ గట్టున నిలిపాడు. రోడ్డే అటు మళ్లిందనుకుని నేనూ తిప్పాను. ఎర్రదీపం ఒక్కసారిగా మీదికి వచ్చింది. దాన్ని తప్పించబోతే, తడిసిన మట్టి మీద చక్రాలు జారి కారు కాలువలోకి ఒరిగింది. దాళ్వా పంటకు నీరు వదిలిన రోజులు, కాలువ నిండుగా పారుతోంది. గట్టున ఉన్న ఒక తుమ్మచెట్టు బంపరుకు అడ్డుపడి మమ్మల్ని ఆపింది. నీళ్ల వైపు కూర్చున్నది నేను కాదు చెల్లాయీ, వాడు. కిటికీలోంచి వాడికి కింద పారే నీళ్లే కనిపించాయి. అరవలేదు, ఏడవలేదు, "నాన్నా, మీ వైపు తలుపు తీసి మెల్లగా దిగండి" అని మాత్రం అన్నాడు. లారీ డ్రైవరే తాడు కట్టి కారును పైకి లాగాడు. ఇంటికి వచ్చేదాకా తండ్రీకొడుకులం ఒక్క మాట మాట్లాడుకోలేదు. వాడు ఆ సంగతి తల్లికి కూడా చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నీకే మొదట రాస్తున్నాను.

అందుకే ఈ మాట కాస్త కోపంగా రాస్తున్నాను. అమ్మాయికి ఘాటు అలవాటు లేదు, మొత్తం నేనే నడుపుతానన్నావట. హైదరాబాదు ట్రాఫిక్కులో రోజూ నడిపే పిల్లకు మన రోడ్డు చేతకాదా? గోకవరం దాకా నీవు నడుపు, తరువాత ఆమెకు ఇవ్వు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అదిమి ఉంచవద్దని, చిన్న గేరులో ఇంజనే బండిని పట్టుకునేలా దిగాలని ఆమెకూ చెప్పు. బ్రేకులు వేడెక్కితే మలుపులో పట్టవు. ప్రతి వంకరకూ హారను కొట్టండి, ఎక్కే బండికి దారి ఇవ్వండి. ఆమె నడుపుతుంటే పక్కన కూర్చుని ఊరికే ఉలిక్కిపడకు, చిన్నప్పుడు మన పంటు పడవ కదిలినప్పుడల్లా నా చేయి గిల్లినట్లు గిల్లకు. ఆమె ఎక్కడైనా ఆపుదామంటే ఎందుకని అడగకుండా ఆపు. నీవు ఆపమన్నా ఆమె అలాగే ఆపాలని నా మాటగా చెప్పు.

అడవిలో ఫోను సిగ్నలు పోతుంది కనుక మారేడుమిల్లి చేరగానే ఒకసారి, చింతూరు దిగాక ఒకసారి ఫోను చేయండి. రెండోది అమ్మాయి చేత చేయించు. ఘాటు ఎలా దిగిందో ఆ పిల్ల నోటనే వినాలని ఉంది.

మీ అన్నయ్య