వెలుగు గీతకు షట్టర్‌తో పని లేదు

తమ్ముడూ,

చీకట్లో కెమెరా షట్టర్ (లోపలికి వెలుగు వదిలే తలుపు) తెరిచి పెట్టి, గాలిలో వెలుగుతో పేరు రాస్తూ తీసి నువ్వు పంపిన ఆరు ఫొటోలూ పెద్ద తెర మీద వేసి చూశాను. ఐదింటికీ ఒకటే జబ్బు. టార్చికి నీలం జిలెటిన్ కాగితం చుట్టి పేరు రాశానన్నావు. పేరు తెల్లగా మాడిపోయింది, నీలం అంచుల్లోనే కాస్త మిగిలింది. దాన్ని తగ్గించడానికని షట్టర్ 30 సెకన్ల నుంచి 15కి, తర్వాత 8కి దించావు. పేరు ఎప్పటిలాగే తెల్లగా ఉంది, వెనకున్న వేపచెట్టు మాత్రం మాయమైంది. ఆరో ఫొటోలో రంగు నిలిచింది. అది ఎందుకు నిలిచిందో నీకు తెలిసినట్టు లేదు.

టార్చి గాలిలో ఒక చోటు దాటి పోవడానికి సెకనులో ఏ పదో వంతో ఇరవయ్యో వంతో పడుతుంది. సెన్సర్ (కెమెరాలో వెలుగును ఫొటోగా పట్టే పలక) మీద ఆ చోటికి దక్కే వెలుగు అంతే. ఆ తర్వాత షట్టర్ ఇంకో రెండు నిమిషాలు తెరిచి పెట్టినా ఆ గీతకు కొత్తగా వచ్చి చేరేదేమీ లేదు. కాబట్టి గీత ఎంత వెలగాలో తేల్చేవి నాలుగే: అపర్చర్ (లెన్సులో వెలుగు దూరే కన్నం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె), టార్చి బలం, నీ చెయ్యి వేగం. చెట్టు, గోడ, ఆకాశం కదలవు గనక షట్టర్ తెరిచినంతసేపూ వెలుగు పోగేసుకుంటూనే ఉంటాయి. ఒకే ఫొటోలో రెండు పద్దులు నడుస్తున్నాయన్నమాట. గీతకు ఒకటి, చీకటికి ఒకటి. షట్టర్ రెండో పద్దుకే సంబంధించింది. ఆరో ఫొటోలో నువ్వు చెయ్యి దాదాపు పరుగెత్తించావు. గీత వంకర్లు చూస్తేనే తెలుస్తోంది. అందుకే నీలం దక్కింది.

అందుకని సెట్టింగులు ఈ వరసలో పెట్టు. కెమెరా మాన్యువల్ మోడ్‌లో, ఐఎస్ఓ 100, ఎఫ్/8, షట్టర్ 10 సెకన్లు. గదిలో దీపాలార్పి, మామూలు వేగంతో ఒక్క గీత గీసి చూడు. గీత నడుమ తెల్లబడితే ఎఫ్/11. సన్నగా, నీరసంగా వస్తే ఎఫ్/5.6. ఒక్కో మెట్టుకు వెలుగు సగమో, రెట్టింపో అవుతుంది. ఎఫ్/16 దాటి పోకు, ఫొటో మొత్తం స్పష్టత తగ్గి మెత్తబడుతుంది. అక్కడికీ తెల్లగానే వస్తుంటే టార్చిదే తప్పు. దాని మూతికి తెల్ల కాగితం ఒక పొర, చాలకపోతే రెండు పొరలు అంటించు. రంగు గీత నిండా నిలిచాక అపర్చర్, ఐఎస్ఓల జోలికి మళ్ళీ వెళ్ళకు.

ఇప్పుడు చీకటి పద్దు. బయటికెళ్ళి, ఏమీ గీయకుండా 30 సెకన్లకు ఒక ఖాళీ ఫొటో తియ్యి. చెట్టు కనబడకపోతే 60, అప్పటికీ చాలకపోతే 120. చాలా కెమెరాలు 30 సెకన్ల దగ్గర ఆగిపోతాయి. ఆపైన బల్బ్ మోడ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంచేది), లాక్ ఉన్న రిమోట్ కావాలి. అంచనాకు చెప్తున్నా: ఐఎస్ఓ 100, ఎఫ్/8 దగ్గర నిండు పున్నమి వెన్నెల్లో పొలం కనబడాలంటే 4 నుంచి 8 నిమిషాలు పడుతుంది. వీధి దీపం కింద 8 నుంచి 15 సెకన్లకే గోడలు తేలిపోతాయి. అందుకే ఊళ్ళో వీధిలో నిలబడి పేరంతా రాయడం కష్టం, టైము చాలదు. అలాంటి చోట లెన్సు ముందు నల్ల అట్ట అడ్డం పెట్టడం నేర్చుకో. బల్బ్‌లో షట్టర్ తెరిచే ఉంటుంది. నువ్వు టార్చికి రంగు కాగితం మార్చుకునేటప్పుడు, చోటు మారేటప్పుడు స్నేహితుడు అట్ట అడ్డం పెడతాడు. అట్ట లెన్సుకు తగలకూడదు.

ఫోన్‌తో తీసే నీ చెల్లెలికి కూడా చెప్పు. ప్రో మోడ్ ఉన్న చాలా ఫోన్లలో 10 సెకన్లో, 30 సెకన్లో దొరుకుతాయి. కానీ అపర్చర్ ఎఫ్/1.8 దగ్గర ఎక్కడో బిగిసిపోయి ఉంటుంది, మార్చే వీల్లేదు. ఐఎస్ఓ 50కి దించాక మిగిలింది టార్చిని బలహీనం చేయడమే. పెద్ద టార్చి కంటే కీచెయిన్‌కు వేలాడే చిన్న లైటు ఆమెకు బాగా పనికొస్తుంది. పూజ గదిలో అగరుబత్తి ఉండనే ఉంది, దాని నిప్పు ఎర్రటి సన్నగీత ఇస్తుంది.

ఫోకస్ సంగతి. నీ నాలుగో ఫొటోలో గీత ఉబ్బినట్టు రావడానికి కారణం ఆటో ఫోకస్. చీకట్లో పట్టు దొరక్క లెన్సు ముందుకీ వెనక్కీ ఊగింది. నువ్వు నిలబడబోయే చోట టార్చి వెలిగించి నిలబెట్టు, దాని మీద ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌లోకి మార్చు. రింగు కదలకుండా చిన్న టేపు ముక్క వెయ్యి. వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగుల ఛాయను తేల్చే సెట్టింగు) కూడా ఆటోలో వదలకు, 4000 కెల్విన్ దగ్గర పెట్టుకో. లేకపోతే ప్రతి ఫొటోకీ చెట్టు రంగు మారుతూ ఉంటుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు, చెయ్యి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపెయ్యి. ట్రైపాడ్ నడిమి గొట్టం పైకి లాగకు. రిమోట్ లేని రోజున 2 సెకన్ల టైమర్ పెట్టు. రా (RAW) ఫైల్లో, అంటే కెమెరా ఏమీ దిద్దకుండా దాచే ఫైల్లో, తీస్తావని చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతికి వస్తాను. గాలిలో తెలుగు ఎలా రాయాలి?

ఇంగ్లీషు వాళ్ళకు గొలుసుకట్టు రాత ఉంది, చెయ్యి ఎత్తకుండా పేరంతా లాగేస్తారు. మనకు ఆ వీలు తక్కువ. తలకట్టు, గుణింతం, ఒత్తు, ఎక్కడికక్కడ తెగిపోయే ముక్కలు. టార్చి ఆర్పకుండా ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు చెయ్యి దూకిస్తే ఆ దూకుడు కూడా అక్షరంలో భాగమైపోతుంది. నీ మూడో ఫొటోలో 'ప' ఉండాల్సిన చోట 'వ' ఉంది. ఎందుకో గమనించావా? 'ప'కి తలకట్టు ఒంటికి అంటకూడదు, నువ్వు వెలుగుతోనే పైకి వెళ్ళావు. ప్రతి ముక్క చివరా ఆర్పాలి, చెయ్యి చోటు మార్చాలి, మళ్ళీ వెలిగించాలి. బజారులో దొరికే టార్చిల్లో బటన్ నొక్కిన ప్రతిసారీ నిండు వెలుగు, సగం వెలుగు, మిణుకు మిణుకు అని తిరిగేవి చాలా. అవి ఈ పనికి పనికిరావు. నొక్కితే వెలిగి, వదిలితే ఆరిపోయే రకం వెతుక్కో. దొరకలేదంటే మూతి మీద అరచెయ్యి మూసుకుంటూ రాయి, అదీ పనిచేస్తుంది.

మొదటి వారం తలకట్టు లేని అక్షరాలతోనే నడిపించు. జ, ట, ణ, బ, ల. 'జలజ' అని రాస్తూ ఉండు, అక్షరానికోసారి తప్ప వెలుగు తెంచే పనే రాదు. అది కుదిరాక 'కలప', ఆ తర్వాతే ఒత్తులు. చీకట్లో రాసింది కనబడదు కాబట్టి నీ ఒళ్ళే రూళ్ళ కాగితం అనుకో. అక్షరం ఛాతీ ఎత్తున, తలకట్టు నుదుటి ఎత్తున, ఒత్తు నడుము కింద. అక్షరం మూరెడు వెడల్పుంటే చాలు. ఒక అక్షరం కాగానే పక్కకు ఒక్క అడుగు. అడుగులు పడాల్సిన చోట ముందే గులకరాళ్ళు పెట్టుకో, కాలికి తగిలితే తెలుస్తుంది.

గీత అక్కడక్కడ సన్నబడి తెగిపోతోందన్నావు. నువ్వు టార్చిని కలంలా పట్టుకుంటున్నావు, అందుకు. మణికట్టు తిరిగినప్పుడు టార్చి మూతి లెన్సు వైపు నుంచి పక్కకు పోతుంది, వెలుగు అటు పోతుంది. టేబుల్ టెన్నిస్ బంతికి కన్నం పెట్టి టార్చి మూతికి తొడుగు. బంతి అన్ని వైపులకూ సమానంగా వెలుగుతుంది గనక చెయ్యి ఎటు తిరిగినా గీత తెగదు. ఖర్చు పదో పరకో. ఈ పనికి అమ్మే ఖరీదైన ప్లాస్టిక్ తొడుగులు చేసేదీ ఇంతే, కొన్నాళ్ళు వాటి జోలికి పోకు.

కెమెరాకు ఎదురుగా నిలబడి మామూలుగా రాస్తే ఫొటోలో అక్షరాలు తిరగబడి వస్తాయి. కంప్యూటర్లో ఫొటోను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారిస్తే సరిపోతుంది. కానీ వెనక బోర్డేదైనా ఉంటే దాని రాత తిరగబడుతుంది. చీర కట్టుకున్న మనిషి ఉంటే పైట కుడి భుజం మీదికి వెళ్ళిపోతుంది, తెలుగువాళ్ళ కంటికి అది వెంటనే పడుతుంది. అలాంటి చోట తిరగేసి రాయడం తప్ప దారి లేదు. పల్చటి కాగితం మీద స్కెచ్‌తో పేరు రాసి, వెనక్కి తిప్పి, దీపానికెదురు పెట్టి, కనబడిన రూపాన్ని వేలితో దిద్దు. రోజుకు ఇరవైసార్లు దిద్దితే చేతికి పట్టుబడుతుంది. మాన్ రే అనే ఫొటోగ్రాఫర్ 1935లో తన ముఖం ముందు వెలుగుతో గీసిన గీతలను పిచ్చి గీతలనే అనుకున్నారు అందరూ. 2009లో ఎలెన్ కేరీ అనే ఫొటోగ్రాఫర్ దానికి అద్దం పట్టి చూస్తే అది ఆయన సంతకం!

ఐదో ఫొటోలో గీత చుక్కల వరసలా వచ్చిందని కెమెరాను అనుమానించావు. కెమెరాకేం కాలేదు. దానికి నువ్వు వాడింది టార్చి కాదు, కరెంటుతో వెలిగే సీరియల్ సెట్ కదా, మన కరెంటు 50 హెర్ట్జ్, దానితోపాటే బల్బులు వెలిగి ఆరుతుంటాయి. నిలకడగా ఉంటే కంటికి తెలియదు, చెయ్యి ఊపితే ముక్కలు బయటపడతాయి. చౌక ఎల్ఈడీ టార్చిని సగం వెలుగులో పెట్టినా ఇదే గొడవ. నిండు వెలుగులో ఉంచి కాగితంతో తగ్గించుకో. చుక్కలే కావాలంటే అదీ వరమే. అమెరికాలో గిల్‌బ్రెత్ దంపతులు 1910ల్లో పనివాళ్ళ వేళ్ళకు చిన్న బల్బులు కట్టి, కావాలనే వాటిని వెలిగించి ఆర్పుతూ ఫొటోలు తీసేవారు. చుక్కల మధ్య ఎడం చూసి చెయ్యి ఎక్కడ వేగంగా పోయిందో, ఎక్కడ తడబడిందో లెక్కగట్టేవారు. నీ ఐదో ఫొటోను అలా చదివి చూడు, ప్రతి మలుపు దగ్గరా చుక్కలు ఒత్తుగా ఉన్నాయి. నీ గీత మలుపుల్లోనే ఎందుకు మాడుతోందో అక్కడుంది జవాబు.

మనిషి కూడా కనబడాలంటే ఫ్లాష్ ఒక్కసారి కొట్టాలి, 1/32 బలంతో, పక్క నుంచి. 1949లో గాలిలో వెలుగుతో ఎద్దును గీసిన చిత్రకారుడు పికాసోను జాన్ మిలి అనే ఫొటోగ్రాఫర్ పట్టుకున్నది కూడా ఇలాగే: గీతకు తెరిచి ఉంచిన షట్టర్, మనిషికి ఫ్లాష్. ఫ్లాష్ లేకుండా నువ్వు మాయమవాలంటే ముదురు రంగు బట్టలు వేసుకో, వెలిగే కిటికీ ముందు నిలబడకు, గీతకూ లెన్సుకూ మధ్య ఒళ్ళు అడ్డం రానివ్వకు.

గుడి మండపాన్నో మర్రిచెట్టునో టార్చితో వెలిగించే పని దీనికి పూర్తిగా వేరు. అక్కడ టార్చి కెమెరాకు కనబడకూడదు. కెమెరా పక్కన నిలబడి కొడితే చెట్టు అట్టముక్కలా చదునుగా వస్తుంది. పక్కకు నడిచి, ఏటవాలుగా, సున్నం వేసినట్టు ఆపకుండా కదుపుతూ వెయ్యి. 2 మీటర్ల దూరంలో ఉన్న కొమ్మకు 5 సెకన్లు సరిపోతే 4 మీటర్ల కొమ్మకు 20 కావాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అందరూ చెట్టు మొదలును మాడ్చి పైకొమ్మలను వదిలేసేది ఈ లెక్క మరిచే.

స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) కాల్చి తిప్పడం గురించి అడిగావు. ఇప్పుడు వద్దు. గిన్నెలు తోమే స్టీలు పీచు అంటుకోదు. హార్డ్‌వేర్ షాపులో నాలుగు సున్నాల నంబరుతో దొరికే సన్నది అంటుకుంటుంది. తిప్పితే ఎగిరేది మండుతున్న ఇనుము, మీటర్ల దూరం పోతుంది. గడ్డివాములు, కొబ్బరాకు పందిళ్ళు ఉన్న ఊళ్ళో అది ఆటవస్తువు కాదు. కాలిఫోర్నియాలో పాయింట్ రేయెస్ అనే పాత చెక్క పడవ 2016లో కొంత కాలిపోయింది, ఇలా ఫొటోలు తీసినవాళ్ళ వల్లేనని అనుమానం. ఎప్పటికైనా చేస్తే తడి ఇసుక మీద, నూలు బట్టలు, కళ్ళజోడు, టోపీ, పక్కన నీళ్ళ బకెట్, తోడు మనిషి. అంతవరకు కాకరపువ్వొత్తి చాలు. ఎఫ్/11, ఐఎస్ఓ 100, చెయ్యి చాపి నెమ్మదిగా. కాలిన తీగ ఇసుకలో గుచ్చు, ఎవరి కాలి కిందా పడకుండా.

రెండు చిన్న విషయాలు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ పెట్టి ఉంటే 2 నిమిషాల ఫొటో తర్వాత కెమెరా ఇంకో 2 నిమిషాలు పలకదు. పాడైందనుకుని బ్యాటరీ పీకకు. షట్టర్ మూసి ఇంకో ఫొటో తీసుకుని, దానిలో కనబడే వేడి చుక్కలను (సెన్సర్ వేడెక్కి పుట్టేవి) మొదటిదానిలోంచి తీసేస్తోంది. ఇక, తెర వెలుగు తగ్గించుకో. చీకట్లో ప్రతి ఫొటో బాగున్నట్టే ఉంటుంది, హిస్టోగ్రామ్‌ను (ఫొటోలో చీకటి ఎంతో వెలుగు ఎంతో చూపే గ్రాఫును) నమ్ము.

తోటలోకి వెళ్ళేముందు కాపలా అతనికి చెప్పి వెళ్ళు. అర్ధరాత్రి టార్చి ఊగుతుంటే దొంగలనుకుంటారు.

వచ్చేసారి మూడే పంపు: గదిలో ఒక్క గీత, ఏమీ గీయని ఖాళీ చెట్టు, చెట్టు ముందు 'జలజ'. మూడూ రా ఫైళ్ళే, దిద్దకుండా.

ఉంటాను,
అన్నయ్య