పల్లినూనె సబ్బు గట్టిపడకపోవడానికి కారణం

దేవరకొండ సోదరి గారికి నమస్కారం. ముప్పావు వంతు పల్లినూనె, మిగతాది ఆముదం కలిపి చేసిన సబ్బు 20 రోజులైనా వేలిముద్ర పడేంత మెత్తగా, జిగటగా ఉందని రాశారు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సులువుగా దొరికే ఆ రెండు నూనెలూ మంచివే గానీ, పల్లినూనెలో ఒలీయిక్, లినోలీయిక్ అనే, మెత్తటి సబ్బునిచ్చే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ కాబట్టి బిళ్ల త్వరగా గట్టిపడదు. ఆముదం పదోవంతు దాటితే జిగురు వస్తుంది. ఈసారి మొత్తం కిలో నూనెలకు పల్లినూనె 450, కొబ్బరినూనె 250, కరిగించి వడగట్టిన గొర్రె కొవ్వు 250, ఆముదం 50 గ్రాములు తీసుకోండి. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం నురుగునిస్తుంది, కొవ్వులోని పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు త్వరగా అరగని గట్టిదనాన్నిస్తాయి. నూనె మారితే, దాన్ని సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా కొలత కూడా మారుతుంది, ఇది దయచేసి మరవకండి: ఈ పాళ్లకు, నూనె అంతా సబ్బుగా మారడానికి కావలసిన సోడాలో 5 శాతం తగ్గించగా, సుమారు 140 గ్రాములు సరిపోతుంది. బిళ్లలను గాలి తగిలే నీడలో ఆరు వారాలు ఆరనివ్వండి.